ఎడమ చెంప

మందు చర్మంలోకి దిగాలంటే గంట పడుతుంది, అంతదాకా బయట కూర్చోమని చెప్పి సిస్టరు లోపలికి పోయింది. విజయశ్రీ వచ్చి కోదండం పక్కన కూర్చుంది. ఎడమ చెంప మీద మీగడలా మందంగా పూసిన తిమ్మిరి మందు, దాని మీద మిగిలిన కూర గిన్నెకు కప్పినట్టు పల్చటి ప్లాస్టిక్ కాగితం, ఆ కాగితం కింద ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా కొడవలిలా వంగిన గీత. మొగుడు పెళ్ళానికి కుడివైపు కూర్చుంటేనేం ఎడమవైపు కూర్చుంటేనేం అని లోకానికి అనిపించొచ్చు గానీ కోదండానికి అట్లా కాదు. వస్తూనే కుర్చీల వరస చూసుకుని, ఆమెకు ఎడమ పక్క వచ్చేదాని మీద చేతిరుమాలు వేసి ఉంచాడు, బస్సు కిటికీలోంచి సీటు మీదికి విసిరినట్టు. ఏడాది పైనుంచీ ఇదే వరస. పెళ్ళి బంతిలో అయినా, బడి వార్షికోత్సవంలో అయినా, స్కూటర్ దిగి నడిచే నాలుగడుగుల్లో అయినా ఆమె ఎడమ పక్క అతనిది. మొదట్లో ఆ చెంప మీద ఎవరి చూపూ పడొద్దని నిలబడేవాడు. పోను పోను అది తన జాగా అయిపోయింది, పట్టా చేయించుకున్నంత గట్టిగా. ఇప్పుడు ఆ జాగాలోకి ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. నిలబడి, మైకు పట్టుకున్నాడు.

కిటికీ కింద దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు గొంతు పోయిన మనిషిలా ఉంది. సకల జనుల సమ్మె మొదలైన కాణ్ణుంచి ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు, ఆటోలు మాత్రం కోడిపిల్లల్లా అటూ ఇటూ ఉరుకుతున్నాయి. ఎదురు గోడ నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటిలో నవ్వుతున్న ర్యాంకుల పిల్లలు. కింది మిఠాయి దుకాణంలోంచి నేతి వాసన పైదాకా వస్తున్నది. అతని చీరల దుకాణం ఇక్కడికి నాలుగు సందుల అవతలే. బతుకమ్మ ముందర గిరాకీ దినాలు, అయినా షట్టర్ సగం దించి వచ్చాడు. రాక ఏం చేస్తాడు, పట్టుబట్టి ఈ లేజర్ చేయిస్తున్నదే తను. ఎందుకయ్యా, మానింది గదా, నన్నేమన్న సినిమాలల్ల తీసుకుంటరా, అన్నది ఆమె మొదట. రెండుసార్లు అన్నది, మూడుసార్లు అన్నది. ఆ తర్వాత ఒకనాడు కూర తాలింపు పెడుతూ పెడుతూ, ఉన్నట్టుండి, సరే పోదాం తీయ్, అన్నది. కావాలనుకున్నది దొరికితే మనిషి నిమ్మళంగా ఉండాలి గదా. ఉండలేదు. ఆ సరే అతన్ని ఆ పొద్దు నుంచి చెదపురుగులా తొలుస్తున్నది. తను అడిగితే సరే అనలేదు, మరి ఎవరి ముందర అందంగా కనిపించాలని సరే అన్నది? గీత ఉంటే మంట, గీత పోతదంటే మంట. ఏ పక్కకు తిరిగి పడుకున్నా కుచ్చుకునే నులక మంచం మీద ఉన్నట్టుంది పాణం.

డాక్టరు కుసుమకుమారి అటు ఏలూరు దిక్కు మనిషి, మాటకొక అండీ పెడుతుంది. మొదటిసారి చూపించుకోను వచ్చిన నాడు పాత కాగితాలన్నీ చూసి, కోసిన చోట అంచుల్లో ఏమీ మిగల్లేదని తేల్చుకుని, అప్పుడు చెప్పింది. "కుట్ల మచ్చ కదండీ, లోపల గట్టిపడి తాడులా అయిపోయింది. లేజరు సన్న సన్న చుక్కలుగా దిగి ఆ బిగువుని విప్పుతుంది. ఒక్కసారికి అవ్వదు, నాలుగైదుసార్లు రావాలి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, చేయించుకున్నాక ఎండలోకి అస్సలు వెళ్ళకూడదు. వెళ్తే నల్లగా మాడిపోతుంది." ఆ చివరి మాట దగ్గర కోదండం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎండలోకి వెళ్ళకూడదు. అంటే ఎల్బీనగర్ రింగురోడ్డు మీది సమ్మె పంతుళ్ళ దీక్షల టెంటుకు పోకూడదు. అంటే ఆ గులాబీ కండువాలు, ఆ డప్పుల చప్పుడు, ఆ మైకు, ఆ మైకు పట్టుకున్న నరేష్‌కుమార్, అన్నీ బంద్. డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పలే, అని చేతులు దులుపుకోవచ్చు. ఎంత మంచి డాక్టరు అనుకున్నాడు. ఆ రోజు దుకాణానికి పోయి గిరాకీ అడగకుండానే ధర తగ్గించాడు.

ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. మూసుకుని ఏదో సన్నగా గొణుగుతున్నది. చెవి ఒగ్గి విన్నాడు. పాట. టెంటులో పాడే పాట. చెంప సగం తిమ్మిరెక్కి, పెదవి ఒక మూల వంగక, మాటలు జారిపోతున్నా పాట మాత్రం ఆగలేదు. పదిహేడేళ్ళ కాపురంలో ఆమె పాడగా వినలేదు. బడి పిల్లలకు పద్యాలు చెప్పే గొంతు తెలుసు, పాల మనిషితో కొట్లాడే గొంతు తెలుసు, కొడుకు మధు చిన్నగున్నప్పుడు జ్వరంలో వాణ్ణి నిద్రపుచ్చిన గొంతు తెలుసు. ఈ గొంతు ఎక్కడ దాచింది ఇన్నాళ్ళు? దాచిందో, తను అడగలేదో. నరేష్‌కుమార్ అడిగుంటాడు. అక్కా, నువ్వు గూడ ఒక చరణం అందుకో, అని ఉంటాడు. అక్కంట. అక్క అన్నంత మాత్రాన అందరూ తమ్ముళ్ళు అయిపోతారా? తెల్లగా ఇస్త్రీ చేసిన లాల్చీ, భుజం మీద కండువా, సంఘం నాయకుడు, లెక్కల సారు, గొంతేమో గుడి గంట. కోదండానికి కూడా గొంతుంది. దుకాణంలో పరుపు మీద కూర్చుని, చూడమ్మా గీ అంచు చూడు, గీ చిటికి చూడు, అని పొద్దంతా అరిచే గొంతు. అది అమ్మడానికే పనికొస్తుంది.

ఆ ఫోటో. కళ్ళు మూసినా తెరిచినా ఆ ఫోటో. పేపరు జిల్లా పేజీలో పడ్డది, టెంటు ముందర విజయశ్రీ నిలబడి ఉంది, పక్కన నరేష్‌కుమార్, ఒక చేతిలో మైకు, రెండో చెయ్యి చాచి వేలితో ఆమె ఎడమ చెంపను చూపిస్తున్నాడు. వేలికీ చెంపకూ మధ్య ఎంత సందుందో కోదండం ఆ కాగితాన్ని కంటికి ఆనించుకుని చూశాడు. ఒక చీర మడత పట్టేంత సందు. అంతే. కింద అక్షరాలు, లాఠీకి వెరవని పంతులమ్మ. లాఠీ! ఎండాకాలం నాటి రాస్తారోకోలో పోలీసులు తరిమితే అందరితో పాటు ఆమె కూడా ఉరికింది, చెప్పు తెగి కిందపడ్డది, మోకాలు దోక్కుపోయింది, అంతే. చెంపకూ లాఠీకీ ఏ సంబంధమూ లేదు. అయినా నరేష్‌కుమార్ మైకులో అరిచాడంట, చూడుండ్రి, ఈ అక్క చెంప చూడుండ్రి, ఇది ఎట్లొచ్చిందో నేను నోరు తెరిచి చెప్పాల్నా, అని. చెప్పొద్దు చెప్పొద్దు అని జనం గర్జించారంట. మర్నాడు చాయ్ హోటలాయన కోదండాన్ని చూసి లేచి నిలబడ్డాడు. సార్, మీరు మా మేడం వాళ్ళాయననా, చాయ్‌కి పైసలొద్దు సార్, అన్నాడు. ఒక గిరాకీ అయితే చీర కొననే కొనకుండా, పులి ఇంట్ల ఎట్ల ఉంటున్నవన్నా, అని నవ్విపోయింది. తన పెళ్ళాం చెంప మీది గీత ఎల్బీనగర్ చౌరస్తాది అయిపోయింది.

దోచుకున్నారు. ఇంకో మాట లేదు. ఆ గీత ఎవరిది? ముక్కు పక్కన మిరియం గింజంత నల్లటి పొక్కు, తువ్వాలతో తుడుచుకున్నప్పుడల్లా రక్తం చిమ్మేది, నెలలు గడిచినా మానేది కాదు, దాన్ని మొదట చూసింది ఎవరు? ముక్క తీసి పరీక్షకు పంపిన నాడు, ఆ కాగితం చేతికొచ్చిన నాడు, దవాఖాన మెట్ల మీద ఆమెకు తెలియకుండా గోడ పట్టుకున్నది ఎవరు? ఇది ఎక్కడికీ పాకే రకం కాదు, తీసేస్తే సరిపోతుంది అని పెద్ద డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, కాగితం మీది ఆ ఒక్క పేరు తప్ప మిగతా మాటలేవీ చెవికెక్కనిది ఎవరికి? కోసి, పక్క కండను జరిపి కుట్టారు. కుట్లు విప్పాక రోజూ బొటనవేలితో మెత్తగా తోమాలి, లేకపోతే గట్టిపడుతుంది అన్నారు. ఆ బొటనవేలు తనది. పొద్దున్నే చాయ్ పొయ్యి మీద పెట్టి, బాల్కనీలో చిన్న స్టూలు మీద ఆమె కూర్చునేది, ముఖం ఎత్తి కళ్ళు మూసుకునేది, తను మోకాళ్ళ మీద కూర్చుని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, చాయ్ పొంగేదాకా. ఒకటి రెండు సార్లు పొంగి పొయ్యి ఆరిపోయింది గూడా.

పోచంపల్లి దగ్గర మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని పెరిగిన వేలు అది. తెగిన పోగు దొరికిందంటే నాయిన పిలిచేవాడు, రారా, నీ ఏళ్ళు సన్నగున్నయ్, అతుకు, అని. రెండు కొసలు కలిపి, వేలికి బూడిద అద్దుకుని, ఒక్క మెలిక. ముడి కనిపించొద్దు, చేతికి తగలొద్దు, చీర కట్టుకునే ఆమెకు అక్కడ పోగు తెగిందని ఎప్పటికీ తెలియొద్దు. ఆ పని అతనికి దేవుడిచ్చింది. మగ్గం వదిలి పట్నం వచ్చి దుకాణం పెట్టాక వేలికి ఆ పని పోయింది, చీరలు తిప్పి చూపడమే మిగిలింది. ఇన్నేళ్ళకు, పెళ్ళాం చెంప మీద, మళ్ళీ పని దొరికింది. గీత ఏ దగ్గర బిగుసుకున్నదో, ఏ దగ్గర మెత్తబడుతున్నదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. పెదవి మూల దగ్గర బియ్యపు గింజలాంటి గట్టి ముడి ఒకటి, అది ఎన్నాళ్ళకూ లొంగలేదు. దాన్ని తిట్టుకునేవాడు, ముద్దు చేసేవాడు. జబ్బు పోయింది, భయం పోలేదు, అయినా ఆ పొద్దుటి పూటలు, నిజం చెప్పాలంటే, కాపురంలో అంత బాగున్న పూటలు లేవు. ఇట్లా అనుకోవడం పాపమేమో. ఆమెకు గండమొచ్చి తనకు పండగయిందా? అయింది. ఏం చేస్తాడు, అయింది. సమ్మె మొదలయ్యాక ఆమె పొద్దున్నే ముస్తాబై టెంటుకు పోతుంది, బాల్కనీలో స్టూలు మీద బట్టల క్లిప్పుల బుట్ట కూర్చుంది. నేనే రాసుకుంటలే, ఆటోల పోకుంట పోకుంట, అన్నది ఒకనాడు. ఆటోల! పక్కన ఎవడు కూర్చుంటాడో.

ఆమె ఫోను మోగింది. ఒళ్ళో పెట్టుకున్న ఫోను, తెర మీద పేరు, నరేష్ సార్. పిలిచినట్టే వచ్చాడు. విజయశ్రీ కళ్ళు తెరిచి, ఫోను చూసి, పెదవి కదిపి చూసుకుని, అతని చేతికిచ్చింది.

"నువ్వే మాట్లాడు. నాకు మూతి తిరుగుతలేదు."

కోదండం ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల గుడి గంట మోగింది. "అక్కా, ఎక్కడున్నవ్?"

"అక్క గాదు," అన్నాడు కోదండం.

"ఓ, బావా! నమస్తే బావా. నీ గొంతు ఎప్పుడన్న ఒక్కసారన్న వినిపియ్యవాయె. దుకాణం నడుస్తుందా? అక్కను రేపు జర జల్దీ రమ్మను. రేపు బతుకమ్మలు పెడ్తున్నరు చౌరస్తాల. అక్క మాట్లాడకపోతే ఆడోళ్ళు ఊకోరు."

బావ. ఎవడికి బావ? అయినా ఆ పిలుపులో ఎంత వెతికినా ఎగతాళి దొరకలేదు, అదింకా కాలింది. "రేపు రాదు," అన్నాడు. "దవాఖానకొచ్చినం."

"ఏమైంది బావా? అక్కకేమైంది?" గుడి గంట పగిలినట్టు మారింది. పరేషాన్ అయిపోయాడు. వాడు పరేషాన్ కావడానికి వాడెవడు!

"ఏం లేదు. పన్ను," అన్నాడు కోదండం. "పన్ను నొప్పి." ఫోను పెట్టేశాడు.

విజయశ్రీ అతని దిక్కు తిరిగింది. ప్లాస్టిక్ కాగితం మీద ట్యూబులైటు మెరిసింది. "పన్నా?" అన్నది. అంతే అన్నది. కోపం లేదు, నవ్వు లేదు. తూకంలో వేసిన వస్తువును చూసినట్టు చూసి మళ్ళీ ఎదురు గోడ దిక్కు తిరిగింది.

పన్ను అనక ఏమంటారు? పోయినేడు అత్తగారికి పులిపిరి అని చెప్పాడు. తన అన్నకు గడ్డ తీసిండ్రు అన్నాడు. దుకాణం పక్కాయనకు కుక్క గోరు తగిలింది అన్నాడు, ఏ కుక్క అని ఆయన అడిగితే ఏదో వీధి కుక్క అన్నాడు. ఆ మాట బయటికి పొక్కితే ఏమవుతుందో ఆమెకు ఏం తెలుసు? చీర తిప్పి చూసే ఆడవాళ్ళు చేతులు వెనక్కి తీసుకుంటారు. బంధువులు ఇంటికొచ్చి ఏడ్చి, చాయ్ తాగకుండా పోతారు. అంటుకునేది కాదని ఎంతమందికి చెప్తాడు? అందుకే దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం ఆమె చెయ్యి తీసుకుని మధు నెత్తి మీద పెట్టించాడు. ఎవ్వరికీ చెప్పొద్దు, ఏమడిగినా ఊకో, ఒట్టు. చెంపకు ఇంకా కట్టు ఉంది, కట్టు మీదుగా ఆమె చూసింది, చెయ్యి కొడుకు నెత్తి మీద పెట్టింది. పెట్టింది గనుక నిలబెట్టింది. తర్వాత, పేపర్లో ఫోటో పడ్డ రోజు అతను ఇంట్లో గిన్నెలు విసిరేసి అడిగాడు, వాడు లాఠీ అంటే నువ్వెట్ల ఊకున్నవ్, నీకు నోరు లేదా? ఆమె గిన్నెలు ఏరుకుంటూ ఏదో అన్నది. అప్పుడు వినలేదు. ఇప్పుడు, ఈ కుర్చీలో, వాడెవడికో పన్ను అని చెప్పి ఫోను పెట్టేశాక వినబడుతున్నది. "ఏమనాలె నేను? నోరు నువ్వు కట్టేస్తివి."

కట్టడం. అదీ తనకు బాగా తెలిసిన పనే. చిటికి కట్టేవాడికి తెలుసు, నూలు మీద ఎక్కడ రబ్బరు బిగించి కడతావో అక్కడికి రంగు పోదు, ఆ చోటు తెల్లగా దాచిపెట్టుకుంటావు. కానీ కట్టు ఇంత వదులైనా చాలు, రంగుతొట్టిలోకి దించగానే సందులోంచి ఎర్రరంగు లోపలికి పాకిపోతుంది, విప్పి చూస్తే నువ్వు దాచిన చోట నీది కాని రంగు. అప్పుడు నాయిన రంగును తిట్టేవాడు కాదు. కట్టినవాడెవడురా, అనేవాడు. కోదండం ఆ ఆలోచనను పక్కకు నెట్టాడు. అది మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చుంది. అయినా వాడు ఊహించుకుని చెప్పాలా? అడగొచ్చు గదా? అడిగుంటాడు. ఆమె తల దించుకుని ఉంటుంది. తల దించుకున్న పంతులమ్మ, చెంప మీద ఎర్ర గీత, అప్పటికి రాస్తారోకో అయి వారమైనా కాలేదు. వాడి స్థానంలో తనున్నా అదే అనుకునేవాడేమో. వాడిని ఒక్క క్షణమైనా మంచివాడిగా చూడాల్సి రావడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఫ్యాను ఆగింది. ట్యూబులైటు పోయింది. హాల్లో కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారే ఉసూరుమన్నారు. బొగ్గుబావులు సమ్మెలో ఉన్నాయి, కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెలియదు. లోపలి నుంచి డాక్టరమ్మ తల బయటపెట్టి, "మీ సమ్మె పుణ్యమా అని నా మిషన్ ఆగిందండీ విజయశ్రీ గారూ," అన్నది. "రాష్ట్రమొచ్చినంక ఇరవై నాలుగ్గంటలిస్తం మేడం," అన్నది విజయశ్రీ వంకర మూతితోనే. హాల్లో నవ్వులు. డాక్టరమ్మ కూడా నవ్వి లోపలికి పోయింది. ఆ మాటకు ఎదురు వరసలో కూర్చున్న ముసలామె మెడ చాచింది. నడుం చుట్టూ సర్పి పొక్కులు లేచి, కొంగు ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని, ఇంతసేపూ కూర్చోలేక కూర్చుని ఉంది.

"నువ్వు గా ఎల్బీనగర్ టెంట్ల టీచరమ్మవు గాదు బిడ్డా? నేను రాములమ్మను, సరూర్‌నగర్ కాడ కూరగాయలమ్ముత. వంటావార్పు నాడు నా గంప వంకాయలన్ని మీకే ఇస్తి."

విజయశ్రీ తల ఊపింది.

"మరి గిదేంది? గా లాఠీ దెబ్బను మాయం చేయిస్తున్నవా? ఒద్దు బిడ్డా, ఉంచుకో. రాష్ట్రమొచ్చినంక సూపియ్యొద్దా? ఉత్త చెంపతోని పోతే ఎవలు నమ్ముతరు?"

హాలంతా ఇటు తిరిగింది. లాఠీనా, ఎక్కడ, ఎప్పుడు, పాపం, అన్న గుసగుసలు. కిటికీ వెలుతురులో ముఖాలన్నీ పూజ దగ్గర జనం ముఖాల్లా అయిపోయాయి. కోదండానికి ఒళ్ళు మండింది. ఇక్కడ కూడానా? రుమాలు వేసి పట్టుకున్న ఈ నాలుగు కుర్చీల మధ్య కూడా వాడి మైకేనా? పెళ్ళాం దిక్కు చూశాడు. ఆమె అతని దిక్కే చూస్తున్నది. నోరు మూసుకుని, నిబ్బరంగా, తరగతిలో జవాబు తెలిసిన పిల్లవాడు చెయ్యి ఎత్తుతాడా లేదా అని చూసే పంతులమ్మలా. ఒట్టు ఆమెది కాదు, తనది. కట్టింది తను, విప్పాల్సింది తను. ఏడాది పైగా ఆ మాటను పళ్ళ వెనక తొక్కిపట్టాడు. ఒంటరిగా స్నానాల గదిలో కూడా అనలేదు. ఇప్పుడు అనకపోతే ఆ గీత ఎప్పటికీ నరేష్‌కుమార్‌దే. లేజరు దాన్ని చెరిపేసినా వాడిదే, చెరిగిపోయింది గనుక ఇంకా గట్టిగా వాడిదే.

"లాఠీ గాదమ్మా," అన్నాడు. గొంతు దుకాణం గొంతులా రాలేదు. "క్యాన్సర్."

ధైర్యంతో అనలేదు, కుళ్ళుతోనే అన్నాడు. అయినా అన్నాడు. పక్క కుర్చీ పెద్దమనిషి కిందున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో చిన్నపిల్లను దగ్గరకు లాక్కున్నారు. ఇదిగో, ఇదే, ఇందుకే తను చెప్పొద్దన్నది, అనుకుంటుండగా రాములమ్మ కొంగు ఎత్తిపట్టుకునే లేచి, రెండడుగులు వేసి వచ్చి, విజయశ్రీ కుడి చెంప మీద అరచెయ్యి పెట్టింది.

"క్యాన్సరా! మరి బతికితివి గద బిడ్డా! నిన్ను లాఠోడేం జేస్తడు?" అని, అతని దిక్కు తిరిగింది. "నువ్వేనా పెనిమిటివి? ఏడ్చినవా?"

అంత మందిలో అట్లా అడుగుతారా ఎవరన్నా? "ఏడ్చిన," అన్నాడు.

"ఎప్పుడు?" ఈసారి అడిగింది విజయశ్రీ.

"దుకాణంల. చీరల బీరువా ఎనుక."

మసక హాల్లో ఆమె ముఖం మీది ప్లాస్టిక్ కాగితం ఒక్కసారి కరకరలాడింది. చెంప కదిలినట్టుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో సగం తిమ్మిరెక్కిన ముఖంలో తెలియలేదు. అతని దిక్కు వంగి, అతనికి మాత్రమే వినబడేలా అన్నది, "నేను దీనికి ఎందుకొప్పుకున్ననో తెలుసా? గా ఫోటో పడ్డ కాణ్ణుంచి అందరు నా చెంపకు దండం పెడ్తున్నరు. అబద్ధం మోస్తున్న. నిజం చెప్పుదామంటే కొడుకు మీద ఒట్టు. దీన్ని చెరిపేస్తేనన్న దండాలాగుతయని వచ్చిన. నువ్వేమో నేను ఎవనికోసమో సింగారించుకుంటున్న అనుకున్నవు."

"అనుకోలే."

"అనుకున్నవు. పదిహేడేండ్ల నుంచి చూస్తున్న నీ మొకం."

ఫ్యాను తిరిగింది. సిస్టరు పిలిచింది. ఇద్దరూ లోపలికి పోయారు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్ తీసి, మందు తుడిచి, కళ్ళకు ఇనుప గిన్నెల్లాంటి మూతలు పెట్టారు. అతనికి నల్లద్దాలు ఇచ్చి మూలన నిలబడమన్నారు. డాక్టరమ్మ తొడుగు వేసుకున్న వేలితో చెంపను సాగదీసి పట్టుకుంది. కోదండానికి మళ్ళీ చురుక్కుమన్నది లోపల. పెదవి మూల దగ్గర ఆగి, "ఇక్కడ ముడిలా ఉంది, మొండిదండీ ఇది," అన్నది. అది నాకు తెలుసు, అనుకున్నాడు. నాకంటే ఎవరికి తెలుసు?

మిషను టకటకమన్నది. చిన్న చిన్న ఎర్ర వెలుగులు. అప్పుడు వాసన వచ్చింది. చెంప మీది నూగు కాలిన వాసన. కోదండం నల్లద్దాల వెనక కళ్ళు పెద్దవి చేశాడు. ఈ వాసన తనకు తెలుసు. పట్టుచీర అసలుదేనా అని గిరాకీ అనుమానపడితే, కొంగు కొసలోంచి ఒక్క పోగు తీసి అగ్గిపుల్ల అంటిస్తాడు. నకిలీదైతే ప్లాస్టిక్ కంపు కొట్టి ముద్ద అవుతుంది. అసలుదైతే ఇదిగో, ఇదే వాసన, వెంట్రుక కాలిన వాసన, వేలితో నలిపితే బూడిద. వాసన చూడమ్మా, చూసి మాట్లాడు, అంటాడు ఛాతీ విరిచి. ఇప్పుడు ఎవరికీ చూపించేది లేదు. మూలన నిలబడి ఆ వాసనను నిండుగా లోపలికి పీల్చుకున్నాడు.

అయిపోయాక డాక్టరమ్మ అద్దాలు తీసి చెప్పింది. "గీత పల్చబడుతుంది, పూర్తిగా మాత్రం పోదండీ. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. గాయం ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, ఆరాక మళ్ళీ మసాజ్ మొదలుపెట్టొచ్చు. ఎండ సంగతి చెప్పానుగా."

"టెంట్ల నీడుంటది మేడం," అన్నది విజయశ్రీ లేస్తూ. చెంప ఎర్రగా, కొత్త చీర అంచులా ఉంది.

"టెంటు దాకా ఎండే కదండీ. బతుకమ్మ చౌరస్తాలో ఆడతారు, అదీ ఎండే."

"గొడుగు పడ్తడు మా ఆయన," అన్నది. అతని దిక్కు చూడను కూడా చూడలేదు. "రేపు మైకు గూడ ఆయనకే ఇప్పిస్త. లాఠీ కాదని నాకంటె ఆయనే మంచిగ చెప్పిండు."

"నేనా? మైకా?" అన్నాడు కోదండం.

"పన్ను అని చెప్పినవు గద నరేష్‌కు. నువ్వే దిద్దుకో, బావవు."

మెట్లు దిగుతుంటే నేతి వాసన ఎదురొచ్చింది. ఎండ ఏటవాలుగా రోడ్డంతా పరుచుకుని ఉంది. అతను చెయ్యి అడ్డం పెట్టి ఆమె ఎడమ పక్కకు మారాడు. మైకులో ఏం మాట్లాడాలో తెలియదు, అది రేపటి సంగతి. గొడుగు మాత్రం దుకాణంలో ఒకటుంది, పెద్దది, నల్లది, ఇద్దరికి సరిపోతుంది, ముగ్గురికి చాలదు. వేలు పెట్టి చూపించేవాళ్ళకు దొరికేది గొడుగు గుడ్డే. కానీ ఆ టెంటులో మనుషులు ముందే వచ్చి కూర్చుంటారు. రేపు అందరికంటే ముందు పోవాలి, పోయి ఆమె కూర్చునే చోటుకు ఎడమ పక్కన రుమాలు వెయ్యాలి.